ఆవలి గట్టు పాట

కువైట్ విమానాశ్రయం నుంచి అబూ హలీఫా వెళుతుంటే కారులో ఆ పాట వచ్చింది. ముందు సీట్లో మా సుగుణక్క కూర్చుంది. వెనక సీట్లో ఆమె తెచ్చిన పచ్చళ్ళ డబ్బాలనీ అరిసెల సంచినీ ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చున్నాను. సుగుణక్క మా పెద్దమ్మ కూతురు. ఆమె కూతురు ప్రశాంతి ఇక్కడ నర్సుగా పనిచేస్తోంది. తొలికాన్పులో ఆడపిల్ల పుడితే, మనవరాలిని చూసుకోవడానికి సుగుణక్క కాకినాడ దగ్గర పల్లె నుంచి వచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందట వదిలి వెళ్ళిన కువైట్‌కి మళ్ళీ ఇదే రావడం. కారు నడుపుతున్న అల్లుడు కిరణ్ పాట వినపడగానే శబ్దం పెంచి, అద్దంలోంచి నా వైపు చూసి నవ్వాడు. "చూసేరా చిన్నత్తయ్యగారూ, ఇది మా అత్తయ్యగారి పాటేనంట! ఇప్పుడు ఎవరి ఫోన్లో చూసినా ఇదే. మా ఆఫీసులో మలయాళీలు కూడా దీనికే గెంతుతున్నారు." సుగుణక్క తలుపు మీద వేళ్ళతో తాళం వేస్తూ బయటి ఎండని చూస్తోంది. నేను యాభై దాటినదాన్ని, హవల్లీలో ఒక బడిలో ఇన్నేళ్ళుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని. అయినా ఆ క్షణంలో పద్నాలుగేళ్ళ పిల్లనైపోయాను. పాట ఆమెది కాదు అని అరవాలనిపించింది. దానికి మాటలు రాసింది నేను.

అప్పుడు మేము ఉన్నదీ అబూ హలీఫాలోనే, సముద్రానికి రెండు వీధుల లోపల. మా అమ్మ నర్సు. నాన్న చమురు బావులు తవ్వే ఒక కంపెనీ వర్క్‌షాపులో మెకానిక్. మా ఇంటికి రెండు వాసనలుండేవి, అమ్మ తెచ్చే డెట్టాల్ వాసన, నాన్న తెచ్చే డీజిల్ వాసన. ఇద్దరూ డ్యూటీల నుంచి వచ్చాక చింతపండు పులుసు ఉడుకుతుంటే ఆ రెండూ అణిగి ఇల్లు ఇల్లులా అయ్యేది. నాన్న బయటి నుంచి రాగానే చేతులకి బట్టల సబ్బు రాసుకుని, గోళ్ళ సందుల్లో పాత బ్రష్షుతో తోముకుంటూ బాత్రూంలోంచే నన్ను పిలిచేవాడు, "ఏదమ్మా, ఈ వారం ఏం పాట?" అని. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజే జరిగే మా చర్చి ఆరాధనలో పిల్లల తరఫున పాడేదాన్ని నేనే. అమ్మకి పాటంటే భక్తి. నాన్నకి పాటంటే పిచ్చి. ఆయన నన్ను పిలిచే ఆ పిలుపు కోసం వారమంతా సాధన చేసేదాన్ని. నా గొంతు గొప్పది కాదని నాకు తెలియదు. పోల్చుకోవడానికి ఇంట్లో ఇంకో గొంతు లేదు కదా.

ఆ గొంతు సుగుణక్కతో వచ్చింది. మా పెద్దమ్మ జబ్బు చేసి చనిపోయాక, తండ్రి కూడా లేని అక్క ఒంటరిదైపోయింది. అమ్మ రోజూ ఏడుస్తుంటే, నాన్న తన కఫీల్‌ని, అంటే ఇక్కడ మన కాగితాలకి పూచీగా ఉండే యజమానిని, బతిమాలుకున్నాడు. ఆయన తమ ఇంట్లో పనిమనిషిగా వీసా తీయించాడు. ఉదయం వాళ్ళింట్లో పని చేసి, మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో ఉండేది అక్క. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సన్నగా, నల్లగా, రెండు జడలతో వచ్చింది. వచ్చిన కొత్తలో అమ్మ ఆపినా ఆగకుండా గిన్నెలు తోమేది, నా బడి బట్టలు ఇస్త్రీ చేసేది. నాకు అక్క దొరికిందని సంబరపడ్డాను. నా మంచం సగం ఇచ్చాను. ఆ సంబరం మొదటి శుక్రవారం దాకానే.

ఆ రోజు ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకి కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే పాడాను, పెద్దవాళ్ళు ఎప్పటిలాగే మెచ్చుకున్నారు. "నువ్వూ ఒకటి పాడమ్మా" అని ఎవరో మాటవరసకి అక్కని అడిగారు. అక్క తలుపు పక్కన నిలబడి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది. మొదటి చరణం అయ్యేసరికి పళ్ళాల మీద చేతులు ఆగిపోయాయి. నాన్న నీళ్ళ గ్లాసు నోటిదాకా తీసుకెళ్ళి అలాగే పట్టుకున్నాడు. నేను పాడినప్పుడు ఆయన ఏనాడూ గ్లాసు అలా పట్టుకోలేదు. ఆ రాత్రి నా దుప్పటి మొత్తం నావైపు లాక్కుని పడుకున్నాను. మరుసటి వారం నాన్న బాత్రూంలోంచి పిలిచాడు, "ఏదమ్మా, ఈ వారం ఏం పాట?" అని. నేను నోరు తెరిచేలోగా, "సుగుణా, నిన్నే" అన్నాడు.

టెక్సస్ దొర మా ఇంటికి వచ్చింది ఆ చలికాలంలోనే. ఆయన నాన్న వర్క్‌షాపులో పెద్ద అధికారి, ఆరడుగుల పైన ఉండే అమెరికన్. టెక్సస్ దొర అని పేరు పెట్టింది మా అమ్మ. ఉద్యోగం ముగించుకుని దేశం వెళ్ళిపోతూ, తనకి ఇష్టమైన మెకానిక్ ఇంట్లో ఒక పూట తింటానని ఆయనే అడిగి వచ్చాడు. షర్క్ పేటలోని చేపల బజారు నుంచి నాన్న తెచ్చిన జుబైదీ చేపల పులుసు చెమటలు కక్కుతూ తిన్నాడు. తిని, సంచిలోంచి ఒక టేప్ రికార్డరు, కొన్ని కేసెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. మోసుకుపోవడం కష్టమట, మీరుంచుకోండి అన్నాడు. ఒక కేసెట్ పెట్టి మీట నొక్కాడు. రెండు ఫిడేళ్ళు ఒకేసారి ఎత్తుకున్నాయి. వాటి వెనకే, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇనుప కడ్డీతో జార్చి వాయించే గిటారట, ఎవరో ఏడుపు ఆపుకుని నవ్వినట్టు మోగింది. మధ్యమధ్యలో ఒకాయన "ఆ... హా!" అని కేక పెడుతున్నాడు. ఆ కేకకి మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న పాదం దానంతటదే ఆడుతోంది.

అలాంటి పాటల్ని వెస్టర్న్ స్వింగ్ అంటారని దొర చెప్పాడు. వారమంతా పత్తి చేలల్లో, పశువుల దొడ్లలో పనిచేసినవాళ్ళు శనివారం సాయంత్రం శుభ్రంగా స్నానం చేసి, పెద్ద కొట్టాల్లో ఆడామగా కలిసి నాట్యం చేయడానికి పుట్టిన సంగీతమట. ఈ పాట సంగతి ఆయనకి ప్రత్యేకంగా తెలుసు, ఎందుకంటే దీని వరస కట్టినవాడు వాళ్ళ ఊరివాడే. అతను పత్తి తీసే కూలీ. తాత దగ్గర ఫిడేలు నేర్చుకుని, పేరూ మాటలూ లేని ఈ వరసని ఊరి విందుల్లో వాయించేవాడు. తర్వాత ఒక బృందంలో చేరాడు. ఏ ఊరు వెళ్ళినా జనం ఈ వరస మళ్ళీ వాయిస్తేనే ఇళ్ళకి పోయేవారు. రికార్డు వేసేవాళ్ళు మాత్రం మాటలు లేకపోతే అమ్ముడుపోదన్నారు. బృందంలో పాడేవాడి భార్య వాళ్ళ బస్సులో కూర్చుని మాటలు రాసింది. ఏటికి అవతల గట్టున ప్రియురాలు, ఇవతల ఇతను, వరద తగ్గదు, అదీ సంగతి. రికార్డు మీద ఫిడేలు వాడి పేరూ పడలేదు, ఆ భార్య పేరూ పడలేదు. బృందం యజమాని పేరు పడింది. రేడియోలో మోగిపోయింది. ఆ తర్వాత ఇంకా పెద్ద గాయకుడెవరో పాడితే దేశమంతా పాకింది. ఫిడేలు వాయించినవాడు ముసలివాడయ్యాక పొగాకు కొనడానికి వెళితే కొట్లో రేడియో ఆ పాటే పాడుతోందట. "ఇది నా వరస" అంటే, కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టి నవ్వాడట. దొర ఇంగ్లీషులో చెబుతుంటే నాన్న అమ్మకి తెలుగులో చెబుతున్నాడు. "అయ్యో పాపం, ఆ అమ్మాయి పేరైనా వెయ్యొచ్చు కదా" అంది అమ్మ. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఆ మాటలు రాసిన అమ్మాయి గురించే ఆలోచిస్తున్నాను. నాకు పాడడం రాదు. రాయడం వచ్చు. తెలుగు మాస్టారు నా వ్యాసాలు తరగతిలో చదివి వినిపించేవారు. సుగుణక్క చదువు అయిదో తరగతిలోనే ఆగిపోయింది. ఇక్కడైతే నన్ను ఎవరూ దాటలేరు.

ఆ వరసకి తెలుగు మాటలు రాయడానికి చాలా రోజులు పట్టింది. టేపు తిప్పి తిప్పి వినేదాన్ని. ఒక రోజు సాయంత్రం నాన్న ముందు కూర్చుని చదివాను:

ఆవలి గట్టున ఎవరో ఉన్నారే
దీపం పెట్టుకు కూచున్నారే
పడవ కట్టేశారు, పాట విప్పేశారు
వినబడితే చాలు, వచ్చినట్టే

"నువ్వే రాసేవా?" అని నాన్న నన్ను దగ్గరకి లాక్కున్నాడు. డీజిల్ వాసన వేసే ఆ చొక్కాలో మొహం పెట్టుకుని నేను గెలిచానని అనుకున్నాను. అంతలోనే ఆయన నా తల మీంచి వంటగదిలోకి కేక వేశాడు. "సుగుణా, ఇలా రామ్మా! విమల ఏం రాసిందో చూడు. నువ్వు పాడితే అదిరిపోద్ది!"

అదిరిపోయింది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఒక్కసారి విని, రెండోసారి పాడేసింది. నా మాటల్లో నాకే తెలియని దిగులు ఆమె గొంతులోంచి వచ్చింది. "వినబడితే చాలు" అన్నచోట గిటారు జారినట్టే గొంతు జార్చింది. నాన్న లేచి, లుంగీ పైకి కట్టి, "ఆ... హా!" అని కేక పెట్టి, హాలంతా తిరుగుతూ గెంతాడు. అమ్మ నవ్వి నవ్వి సోఫాలో పడింది. నేనూ చప్పట్లు కొట్టాను. చేతులు మండేలా కొట్టాను.

ఆ రోజుల్లో ఊళ్ళకి ఫోన్లు తక్కువ. చదవడం రాయడం రానివాళ్ళు కబుర్లు కేసెట్లో మాట్లాడి, ఊరు వెళ్ళేవాళ్ళ చేతికి ఇచ్చి పంపేవారు. పక్క వీధిలో కువైటీల ఇంట్లో, తను మామా అని పిలిచే యజమానురాలి దగ్గర పనిచేసే నరసమ్మ అనే ఆవిడది కడప వైపు. ఆవిడ బట్టలు ఆరేస్తూ డాబా మీద నుంచి అక్క పాట విన్నది. శుక్రవారం సెలవు దొరకగానే కేసెట్ పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. "ఏమ్మా, మా పిల్లోల్లకి మాట్లాడినంతా మాట్లాడినా. కడాకు రోంత జాగా మిగిలుండాది. ఆ గట్టు పాట దీంట్లోకి పాడిస్తావా? నా బిడ్డ ఇనాల" అంది. అక్క పాడింది. తర్వాతి వారం నరసమ్మతోపాటు ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత మా గుమ్మం ముందు చెప్పులు వరుసగా ఉండేవి. అందరి కేసెట్ల చివరా అక్క గొంతే. అలా అది రాయచోటి వైపు పల్లెలకీ, గోదావరి లంకలకీ పోయింది. ఊరు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవారు, నాట్లేసేటప్పుడు పాడుతున్నారు, పెళ్ళిలో పాడుతున్నారు అని. 'సుగుణ పాట' అని దానికి పేరు పడిపోయింది. ఒకసారి నరసమ్మతో నేను ఉండబట్టలేక, "ఆ పాట రాసింది నేనే తెలుసా" అన్నాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "అవునా తల్లీ! మంచి పని చేసినావులే. యల్లా, బిన్నా మీ యక్కను పిలువు, మా మామా మల్లా కోప్పడుతాది" అంది.

రెండు మూడేళ్ళకి అక్కకి సంబంధం కుదిరి ఊరు వెళ్ళిపోయింది. ఆమె ఎక్కిన కారు మలుపు తిరిగేదాకా ఏడ్చాను. లోపలికి వచ్చి నా మంచం మధ్యలో పడుకున్నాను. తర్వాత యుద్ధం వచ్చింది. చేతికందిన బట్టలతో అందరం వెళ్ళిపోయాం. తిరిగి వచ్చేసరికి ఆ ఇంట్లో టేప్ రికార్డరు లేదు, దొర కేసెట్లు లేవు, తలుపులు కూడా లేవు. ఆ అమెరికా పాట మళ్ళీ నేనెప్పుడూ వినలేదు. దాని పేరు కూడా మాలో ఎవరికీ తెలియదు. కేసెట్ మీద చేతిరాత గిలుకుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

నాన్న చివరి రోజులు ఇక్కడి ఆసుపత్రిలోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను బత్తాయి వలిచి తొనలు నోట్లో పెడుతుంటే, "విమలా, సుగుణకి ఫోన్ చెయ్యమ్మా. ఆ గట్టు పాట వినాలనుంది" అన్నాడు. "నేను పాడతాను నాన్నా" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమే ఉంది, ఏం లోటు లేదు. "నువ్వు రాసేవు కదా తల్లీ. సుగుణ పాడాలి" అన్నాడు. ఫోన్ చేశాను. అక్క ఏ పనిలో ఉందో, వెనక కోళ్ళ అరుపులు వినపడుతున్నాయి. "బాబాయ్..." అని ఏడ్చి, ఏడుపు ఆపుకుని పాడింది. ఫోన్ ఆయన చెవి దగ్గర పట్టుకున్నది నేను. దుప్పటి కింద ఆయన పాదం కదిలింది. తండ్రి పోతున్న దుఃఖంలో మనిషికి ఇంకేదీ గుర్తురాదంటారు. నాకు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళు పక్కనే ఉన్న నేను ఫోన్ పట్టుకునే చేయినయ్యాను, సముద్రం అవతల ఉన్న ఆమె పాటైంది.

ఇప్పుడు ఫోన్లలో మోగుతున్న పాటలో నా మాటలు మొదటి రెండు వరుసల్లోనే, అవీ సగమే ఉన్నాయి. "ఆవలి గట్టున బావున్నాడే, కొత్త ఫోను పట్టుకు కూచున్నాడే" అని ఎవరో కుర్ర గాయకుడు డప్పులతో పాడాడు. కింద 'గల్ఫ్ జానపదం' అని రాశారు. పాతకాలపు కేసెట్ ఎవరి అటక మీదో దొరికి ఉంటుంది. అప్పట్లో ఆ పాట కోసం మనిషి చెప్పులు విడిచి, నీళ్ళు తాగి, క్షేమం చెప్పి, అక్క ఇస్త్రీ ముగించేదాకా చాప మీద కూర్చుని ఎదురుచూసేవాడు. ఇప్పుడు బొటనవేలు పైకి తోస్తే వస్తుంది, ఇంకోసారి తోస్తే పోతుంది. పాత రోజులే మంచివని నేను అనను. ఆ రోజుల్లో నరసమ్మ తన బిడ్డ మొహం చూడడానికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడు ప్రశాంతి దగ్గర పనిచేసే అమ్మాయి అన్నం తింటూ తన కొడుకుని ఫోన్లో చూస్తూ గదమాయిస్తోంది. అందులో నాకు ఆనందమే. నా బాధల్లా ఒకటే. అప్పుడైనా నా పేరు చెప్పడానికి సుగుణక్క అనే మనిషి ఉంది, చెప్పలేదని నేను కోపం తెచ్చుకోవడానికైనా ఉంది. ఇప్పుడు ఎవరి మీద కోపం తెచ్చుకోను?

పాపకి పేరు పెట్టిన శుక్రవారం ప్రార్థన అయ్యాక ఇంటినిండా జనం. బిర్యానీ తిన్నవాళ్ళు తిన్నట్టే అక్క చుట్టూ చేరి పాడమని పట్టుబట్టారు. అక్కకి నాలుగేళ్ళ కిందట గొంతు దగ్గర ఆపరేషన్ అయింది. మాట బొంగురు. పాట రాదు. "లేదమ్మా, ఖలాస్, అయిపోయింది నా పాట" అని ఇక్కడి మాటలోనే నవ్వుతూ చెప్పి వంటగదిలోకి వచ్చేసింది. నేను అక్కడ టీ కాస్తున్నాను. అప్పుడైనా జాలిపడి ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను.

"అందరూ నీ పాట నీ పాట అంటున్నారు. మా విమల రాసిందని ఒక్క మాట అనొచ్చు కదక్కా" అన్నాను.

అక్క పాలగిన్నె మీద మూత పెట్టింది. "అనేదాన్నే. అడిగిన ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. ఎవరు ఇంటారే? పాడిన నోరే కనబడుద్ది జనానికి." చేతులు కొంగుకి తుడుచుకుని, "నువ్వు కుళ్ళుకుంటన్నావని నాకు తెలుసు. అప్పుడే తెలుసు" అంది.

నేను పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగాను. "తెలిసి?"

"తెలిసే ఇంకా బాగా పాడేదాన్ని." దాచుకోకుండా, నా కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "నీకు అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, బడి ఉంది. నీ మీద నాకు ఎంత కుళ్ళో నీకేం తెలుసు. నీ బడి బట్టలు ఇస్త్రీ చేస్తా ఎన్నిసార్లు ఒంటికి ఆనించి చూసుకున్నానో. నువ్వు ఊరికే కూచున్నా ఆ ఇంటి పిల్లవే. నేను పాడకపోతే ఎవర్నే? ఇఖామా కార్డు మీద పనిమనిషని రాసుంది, అదే కదా. నే పాడినప్పుడు బాబాయి గ్లాసు పట్టుకుని ఆగిపోయేడు చూడు, అప్పుడొక్కటే నేనూ ఆ ఇంట్లో ఉన్నాననిపించింది."

టీ పొంగి పొయ్యి మీద పడింది. ఇద్దరం ఒకేసారి పొయ్యి ఆపబోయాం. ఆ మాటలు విన్నాక నా అసూయ కరిగిపోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. కరగలేదు. ఆ గ్లాసు సంగతి ఆమెకీ అంత బాగా గుర్తుందని తెలిసి ఇంకొంచెం మండింది. ఇస్త్రీ బట్టల సంగతి మాత్రం నాకు కొత్త. ఆ నీలం బడి గౌను నాకు అస్సలు నచ్చేది కాదు.

లోపల గదిలో పాప లేచి ఏడ్చింది. అక్క వెళ్ళి ఎత్తుకుని వంటగదిలోకే తెచ్చింది. భుజాన వేసుకుని ఊపింది, ఏదో పాడబోయింది, గొంతు పలకలేదు. పాప ఇంకా గట్టిగా ఏడుస్తోంది. "నువ్వు పాడు" అంది నాతో. నేను చుట్టూ చూశాను. హాల్లో అందరూ కబుర్లలో ఉన్నారు. మెల్లగా మొదలుపెట్టాను. మొదటి చరణం సాగింది. రెండోది ఎత్తుకున్నాను. "నీళ్ళ మీద నా నీడ నడిచిందే, నీ గుమ్మం దాకా వెళ్ళి ఆగిందే..." తర్వాత ఏమిటో తట్టలేదు. నేను రాసినదే. ఎంత తడుముకున్నా రాలేదు. నోటికొచ్చిందేదో వరసలో పెట్టి అనబోయాను.

"అది కాదు" అంది అక్క. పాప వీపు మీద మెల్లగా తడుతూ, బొంగురు గొంతుతో ఒక్కొక్క మాటే అందించింది. "తలుపు తియ్యకు, తడి ఆరనీ. తెల్లారితే ఆ నీడ నాతో ఉండదే."

ఎక్కడా ఒక్క అక్షరం పోలేదు. నేను పద్నాలుగేళ్ళప్పుడు ఎలా రాశానో అలాగే ఉంది. హాల్లో ఎవరో ఫోన్‌లో ఆ కొత్త పాట పెట్టారు, డప్పులు మోగాయి, పిల్లలు గెంతడం మొదలుపెట్టారు. సుగుణక్క కాలితో వంటగది తలుపు నెట్టి మూసి, పాపని నా భుజం మీదకి మార్చింది.

"మొదట్నించీ అను. నేను చెప్తా ఉంటాను" అంది.